దొంగ లేని అలారం

"క్షమించమ్మా, పొరపాటైపోయింది." ఈ రెండు ముక్కలు చెప్పడానికి డిటెక్టివ్ పొద్దున్నుంచీ తంటాలు పడుతున్నాడు. గడ్డం గీసుకుంటూ అద్దంలో చెప్పుకుంటే బాగానే వచ్చాయి. ఆసుపత్రి మెట్లెక్కుతూ గొణుక్కుంటే అప్పుడూ వచ్చాయి. తీరా ల్యాబ్ తలుపు తోసేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

నిన్న చేసిన ఘనకార్యం అలాంటిది మరి! ఆసుపత్రి వెనక బ్లాకులోని ఆ ల్యాబులో ఒక కొత్త మందు మీద పరీక్షలు జరుగుతున్నాయి. ఎవరో కావాలని వాటిని పాడుచేస్తున్నారని అనుమానం వచ్చి డాక్టరమ్మ అతన్ని పిలిపించింది. వచ్చీ రాగానే, నలుగురూ చూస్తుండగా, ల్యాబ్ టెక్నీషియన్ చేతిసంచి లాక్కుని బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, తాళాలు, టిఫిన్ డబ్బా, వాటి మధ్య ఐసు సంచిలో చుట్టిపెట్టిన సిరంజి. దాని లేబులు పీకేసి ఉంది. "ఇదిగోనండీ మీ దొంగ!" అని సిరంజిని పైకెత్తి అందరికీ చూపించాడు. టెక్నీషియన్ కిందపడ్డ దువ్వెన కోసం వంగింది, వేళ్ళకి చిక్కలేదు, మళ్ళీ వంగి తీసుకుంది. చేతులు అలా తడబడుతున్నాయంటే తప్పు చేసినట్టేనని మన డిటెక్టివ్ గారు అప్పటికప్పుడే తేల్చేశారు. ఎంత తెలివో!

తెల్లారేసరికి సిరంజి పరీక్ష ఫలితం వచ్చింది. ఫలితం చూశాక డాక్టరమ్మ ఫోన్లో "అది మనం అనుకున్నది కాదు, ఒకసారి రండి" అని మాత్రమే అంది. ఆ గొంతు వినగానే అతనికి సగం ప్రాణం పోయింది.

ఇప్పుడు డాక్టరమ్మ గదిలో ఇంకో మనిషి కూడా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మందు కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరు. ఒకప్పుడు అతనూ డిటెక్టివూ ఒకే పోలీస్ స్టేషన్లో పనిచేశారు. అక్కడ డిటెక్టివ్‌ని 'భూతద్దం' అనేవాళ్ళు, ఈ ఆఫీసరుని 'లాఠీ' అనేవాళ్ళు. పేర్లు ఎందుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. ఒకరు బయటపెట్టిన కేసుని ఇంకొకరు తన ఖాతాలో వేసుకోవడం ఆ రోజుల్నుంచీ అలవాటే.

"రావయ్యా భూతద్దం! నిన్న ఏం పట్టుకున్నావు, ఏం పట్టుకున్నావు!" అన్నాడు లాఠీ.

"ఆ సిరంజిలో ఉన్నది మా ఫ్రిజ్‌లోంచి పోతోందనుకున్న ఇంటర్‌ఫెరాన్ కాదండీ" అంది డాక్టరమ్మ, అతని ముఖం కేసి చూడకుండా. "సరిగ్గా దానికి వ్యతిరేకం లాంటిది. కీళ్ళవాతానికి వాడే మందు. డాక్టరు చీటీ మీద ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది."

డిటెక్టివ్‌కి తల కొట్టేసినట్టయింది. "నాకు మళ్ళీ మొదట్నుంచీ ఒకసారి చెప్పండి డాక్టరుగారూ. నిన్న సగం విని సగం వినకుండా దూకాను."

డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో ఏదైనా కణంలోకి వైరస్ దూరితే, ఆ కణం ఊరికే చావదు. కొన్ని ప్రొటీన్లు బయటికి వదులుతుంది. "దొంగ పడ్డాడు, తలుపులేసుకోండి" అని పక్క కణాలకి అవి కబురు. ఆ కబురు ప్రొటీనే ఇంటర్‌ఫెరాన్. అది లేకపోతే చిన్నపాటి జ్వరానికే మనిషి మంచం పట్టి లేవడు.

"కానీ కొందరిలో దొంగ లేకుండానే అలారం మోగుతుంది. మోగుతూనే ఉంటుంది. కాపలా కాసే సైన్యానికి శత్రువు కనపడడు, దాంతో సొంత ఒంటి మీదే పడుతుంది. కీళ్ళు, చర్మం, కిడ్నీలు, ఏది దొరికితే అది. లూపస్ అంటారు. మా కొత్త మందు దానికే. ఆ కబురు కణాల చెవిన పడకుండా చేస్తుంది."

"మరి పాడవుతున్నది ఏమిటి?"

"రోగుల రక్తం పక్కనే ఎప్పుడూ ఆరోగ్యవంతుల రక్తం పెట్టి పరీక్షిస్తాం. నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా గోల ఎంతో తెలిసేది. కొన్నాళ్ళుగా ఆ ఆరోగ్యవంతుల ట్యూబులోనూ అలారం ప్రొటీన్ కనిపిస్తోంది, రోగులతో సమానంగా. లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఫ్రిజ్‌లో మా దగ్గరున్న ఇంటర్‌ఫెరాన్‌ని ఎవరో అందులో కలుపుతున్నారనుకున్నాం. ఆ ఫ్రిజ్ తాళం టెక్నీషియన్ దగ్గరుంటుంది."

"ఉంటుందిగా! ఇంకేం కావాలి?" అన్నాడు లాఠీ. "సిరంజి ఏదైతే నాకేం? లేబులు ఎందుకు పీకింది? మధ్యాహ్నం భోజనాల వేళకి ఆవిడ ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి, లేదా స్టేషన్‌కి నడవాలి. మందు పనిచెయ్యలేదని కాకుండా, పరీక్షని చెడగొట్టారని మా వాళ్ళకి తేలితే చాలు."

"ఆవిడ తప్పు చేసిందని ఎవరు తేల్చారు?"

"అదేమిటి గురూ, నువ్వే! నువ్వు వండావు, నేను వడ్డిస్తున్నా, అంతే."

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది, కానీ అనడానికి ఏముంది? వాడన్నది అక్షరాలా నిజం. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. "ఆవిడతో నేను మాట్లాడాలి, ఒక్కణ్ణే" అని లేచాడు.

టెక్నీషియన్ సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. నిన్నట్నుంచి ఎవరూ ఆవిడకి పని చెప్పలేదు, ఇంటికి పొమ్మనీ అనలేదు. డిటెక్టివ్ ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. క్షమించమ్మా అనబోతే, పాడు అలవాటు, పోలీసు ప్రశ్న ఊడిపడింది.

"లేబులు ఎందుకు పీకావు?"

ఆవిడ నవ్వినట్టే ముఖం పెట్టింది. "బస్సులో పక్కనవాళ్ళు చదువుతారని సార్."

"చదివితే?"

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూపించింది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. "పొద్దున్నే ఇవి ముడుచుకోవు సార్. కాసేపు వేడినీళ్ళలో ముంచితే గానీ దారికి రావు. నా పని రక్తం తియ్యడం. వేళ్ళు పనిచెయ్యని మనిషిని సూది పట్టుకోనిస్తారా ఎవరైనా? ఇంజెక్షన్ పడ్డాక బాగానే ఉంది. ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాను. నిన్న మీరు తెలియజేశారుగా, ఊరందరికీ."

అయిపోయింది! డిటెక్టివ్ చూపు చెప్పుల మీదకి దిగిపోయింది. వేళ్ళు తడబడితే దొంగతనం అంటగట్టిన వెధవని నేను, అనుకున్నాడు. ఆ మాట పైకి అనలేక ఇంకో ప్రశ్న అడిగాడు.

"ఆ ఆరోగ్యవంతుల రక్తం ఎవరిది?"

"ల్యాబులో మేమే ఇస్తాం సార్. మొదట్నుంచీ అలవాటు. ట్యూబు మీద పేరు రాయం, 'ఆరోగ్యం' అని ఒక్క మాట అంటిస్తాం. చాలా ఏళ్ళుగా నేనే ఇస్తున్నాను."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా" అంది, కానీ వెంటనే కాదు. ఎన్నో అబద్ధాలు విన్న చెవులు, ఆ చిన్న ఆలస్యాన్ని పట్టేశాయి. "అమ్మా, ఎవరినో కాస్తున్నావు. ఎవరు?"

ఆవిడ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాడు. జాలి ఉంది. అదెందుకో అతనికి అర్థం కాలేదు.

"వద్దు సార్. మీరు మాత్రం అడక్కండి."

రక్తం తీసే మూల ల్యాబు చివర కర్టెన్ వెనక ఉంది. చెయ్యి ఆనించుకునే కుర్చీ, పక్కన చిన్న బల్ల, బల్లకి సొరుగు, చక్రాల ట్రే. డాక్టరమ్మ దారి చూపించింది. లాఠీ కూడా వెంటబడ్డాడు, టెక్నీషియన్‌ని కూడా పిలుచుకొచ్చి మరీ. "అక్కడేం దొరుకుతుందోయ్, దూది తప్ప?"

డిటెక్టివ్ ట్రేలోంచి ఖాళీ ట్యూబులు రెండు తీశాడు. ఒకటి పొడిగా ఉంది. రెండోదాని అడుగున ఏదో ద్రవం ఉంది. "రక్తం పడకముందే ఇందులో ఏమిటిది?"

"కణాల్ని ఎక్కడివక్కడ బిగించేస్తుంది. ఫొటో తీసినట్టు" అంది డాక్టరమ్మ. "రక్తం అందులో పడ్డ క్షణంలో కణాలు ఏం చేస్తున్నాయో అదే చివరి స్థితి. పొడి ట్యూబులో అలారం ప్రొటీన్ ఎంతుందో చూస్తాం. ఈ రెండోదాంట్లో కణాలు ఆ అలారం విన్నాయా, తలుపులేసుకున్నాయా అని చూస్తాం."

"అలారం విని తలుపులేసుకోడానికి ఎంతసేపు పడుతుంది?"

"కొన్ని గంటలు."

"అయితే రక్తం తీసేశాక ఎవరైనా ఇంటర్‌ఫెరాన్ పోశారనుకోండి. ఈ రెండో ట్యూబులో కణాలకి అది వినపడదుగా? అప్పటికే బిగుసుకుపోయాయి కాబట్టి."

డాక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఏవో ఫలితాలు తెరిచింది. చాలాసేపు చూసింది. తిరిగొచ్చేటప్పుడు నడకలో ఇందాకటి వేగం లేదు.

"విన్నాయి" అంది. "ప్రతి విడతలోనూ తలుపులన్నీ బిగించుకుని ఉన్నాయి. ఎవరూ ఏమీ పొయ్యలేదు. అలారం ఆ మనిషి ఒంట్లోనే మోగుతోంది." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "లేబుల్ మీద 'ఆరోగ్యం' అని ఉంది కాబట్టి ఆ రక్తాన్ని నేను అనుమానించలేదు. రెండో ట్యూబు ఫలితం ఇక్కడే ఉంది, తెరిచి చూడనే లేదు. దొంగ కోసం వెతకడంలో పడ్డాను. సిగ్గుచేటు."

"ఓహో! అయితే ఇంకా సులువు" అన్నాడు లాఠీ. "ఆరోగ్యవంతుల రక్తం ఇచ్చేది ఈవిడ. ఈవిడకి జబ్బు. జబ్బు దాచి కంపెనీ పరీక్షని నాశనం చేసింది. అదీ నేరమే. పదమ్మా!"

"ఆగు" అన్నాడు డిటెక్టివ్. "ఆవిడ వేసుకునే మందు రక్తంలో ఎన్నాళ్ళుంటుంది డాక్టరుగారూ?"

"వారాలు. నిన్న రాత్రి సిరంజితో పాటు ఆ ట్యూబుల్లోనూ వెతికించాను." డాక్టరమ్మ ఆగింది. "జాడ కూడా లేదు. అయితే... అది ఈవిడ రక్తం కాదు."

అందరూ టెక్నీషియన్ కేసి తిరిగారు. ఆవిడ పెదవి కొరుక్కుంది. "నాదే అని చెప్పాగా సార్. స్టేషన్‌కి రమ్మంటే వస్తాను, పదండి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, అయినా ఆ పేరు మాత్రం చెప్పదు. ఇంత పట్టుదల ఎవరి కోసం?

డిటెక్టివ్‌కి చేతులు ఊరుకోలేదు. బల్ల సొరుగు లాగాడు. దూది, స్పిరిట్ సీసా, చేతికి కట్టే రబ్బరు పట్టీ, ఒక ప్లాస్టర్ల చుట్ట. అవి చిన్నపిల్లల వార్డులో వాడే గుండ్రటి ప్లాస్టర్లు. వాటి మీద పసుప్పచ్చ బాతుబొమ్మలు.

వంగి ఆ చుట్టని ఇటూ అటూ తిప్పాడు.

ఆ బాతుని అతను ఇంతకుముందే చూశాడు. తన ఇంట్లోనే, స్నానాలగది చెత్తబుట్టలో, రక్తపు చుక్క అంటిన దూదితో సహా.

అతని కూతురు ఈ ల్యాబులోనే పరిశోధన చేస్తోంది. ఇంట్లో చిట్టి అంటారు. ఈ కేసు అతని దాకా వచ్చిందే ఆ పరిచయంతో. రెండు రోజులుగా ఒంట్లో నలతగా ఉందని ఇంట్లోనే పడుకుంది. తండ్రితో మాట మానేసి అంతకన్నా ఎక్కువే అయింది. కారణం ఈ బాతే. మోచేతి మడతలో సూది గుర్తు ఉందని, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేస్తోందని, పొద్దెక్కినా పక్క దిగట్లేదని ఈయనగారు నిఘా పెట్టారు. మత్తుమందు అలవాటైందని తేల్చుకున్నారు. ఒకరోజు అందరూ తింటుండగా ఆ ప్లాస్టర్‌ని కాగితంలో పెట్టి కంచం పక్కన పడేసి, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు. చిట్టి ఆ కాగితం కేసి చూసి, తండ్రి కేసి చూసి, కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. "ఇంట్లో కూడా పోలీసువేనా నువ్వు?" అంది భార్య. చిట్టి జవాబివ్వలేదు కాబట్టి తన అనుమానం నిజమేనని ఆయనగారు అనుకున్నారు.

"ఏమైంది గురూ, సొరుగులో పామేమైనా ఉందా?" అన్నాడు లాఠీ వెనక నుంచి.

సొరుగు మూసేస్తే సరిపోతుంది. అవును, ఆ ఆలోచన వచ్చింది, దాచేదేముంది! మూసేసి, ఏమీ లేదని చేతులు దులుపుకుంటే, ఈవిడ ఎలాగూ నోరు విప్పదు. చిట్టి పేరు రాదు. కంచం దగ్గర తాను వాగిన మాటలు లాఠీ చెవిన పడవు. అతని చెయ్యి నిజంగానే సొరుగుని ఒక అంగుళం లోపలికి తోసింది. అప్పుడు టెక్నీషియన్ చేతులు కనపడ్డాయి. ఉబ్బిన ఆ వేళ్ళని కొంగు... కాదు, కోటు జేబుల్లో దాచుకుంటోంది.

"క్షమించమ్మా" అన్నాడు. ఈసారి మాట దానంతటదే వచ్చింది. "నిన్న నీ సంచి బోర్లించాను. నలుగురిలో దొంగవన్నాను. తప్పయిపోయింది, ఇదే నలుగురిలో చెబుతున్నాను." డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఆ రక్తం మా అమ్మాయిది."

లాఠీ నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు.

"నేనే అడిగాను సార్" అంది టెక్నీషియన్, ఏడుపు ఆపుకోలేక. "నేను మందు మొదలుపెట్టాక నా రక్తం పనికిరాదు. పనికిరాదంటే ఎందుకని అడుగుతారు. 'నా బదులు ఇవ్వవే చిట్టీ' అని బతిమాలాను. 'అక్కా, నాకేం, దున్నపోతులా ఉన్నా' అని కూర్చుంది. బాతుబొమ్మ అంటిస్తే నవ్వేది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. చెప్పలేదు. మీరు తిట్టినా చెప్పలేదు."

డాక్టరమ్మకి ఇవేవీ పట్టలేదు. ఆవిడ ముఖం మారిపోయింది. "అమ్మాయికి పొద్దున్నే కీళ్ళు పట్టేస్తున్నాయా?"

"ఆలస్యంగా లేస్తుంది. బద్ధకమనుకున్నాను."

"ఎండ తగిలితే ముఖం ఎర్రబడుతుందా? బుగ్గల మీద?"

"అవును. రంగు పూసుకుందనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా."

"జుట్టు రాలుతోందా?"

"స్నానాలగది నీళ్ళు పోయే చోట అడ్డం పడుతోందని కేకలేశాను."

దొంగల కోసం కళ్ళు చిట్లించి వెతికే మనిషి, సొంత ఇంట్లో అన్నీ చూశాడు. చూసిన ప్రతిదాన్నీ నేరం కిందే లెక్కేశాడు.

"కాళ్ళు?" అంది డాక్టరమ్మ. "పాదాలు వాచాయా?"

"చెప్పులు పట్టడం లేదని మొన్న వాళ్ళమ్మతో అంది. తిని పడుకుంటే పట్టవు మరి అన్నాను."

"లూపస్ కిడ్నీల దాకా వెళ్ళింది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడే తీసుకురావాలి. ఇంట్లో ఎవరున్నారు?"

"వాళ్ళమ్మ ఉద్యోగానికి వెళ్ళుంటుంది. ఒక్కతే." ఫోన్ తీశాడు, మళ్ళీ దించాడు. "నేను చేస్తే ఎత్తదు."

అందరి ముందూ ఆ మాట ఒప్పుకోవడం కంటే చెంపదెబ్బ తినడం నయం. లాఠీ జేబులోంచి జీపు తాళాలు తీసి, "కింద గేటు దగ్గర పెడతా, వచ్చెయ్" అని మెట్ల వైపు పరుగెత్తాడు. టెక్నీషియన్ తన ఫోన్లోంచి చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. చాలాసేపు మోగింది. ఇక ఎత్తదనుకున్నాక ఎత్తింది.

"అక్కా" అంది చిట్టి. ఆయాసపడుతోంది. "నేనే చేద్దామనుకున్నా. ఆ ట్యూబు... ఎవరూ ఏమీ కలపలేదక్కా. నాదే జబ్బు. నిన్న నా లక్షణాలన్నీ పుస్తకంలో చదువుకున్నా. డాక్టరమ్మకి నువ్వే చెప్పు, నీ మీదకి రానీకు. పడుకుంటే ఊపిరాడట్లేదు. కూర్చునే ఉన్నా రాత్రంతా."

"చిట్టీ, మేము వస్తున్నామే, కంగారు పడకు..."

"నాన్నకి మాత్రం చెప్పకక్కా. పని ఎగ్గొట్టడానికి నాటకాలంటాడు."

ఎవరూ అతని ముఖం చూడలేదు. టెక్నీషియన్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"చిట్టీ. నాన్నని."

అవతల ఆయాసం మాత్రం వినపడుతోంది. తర్వాత, చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే అనే గొంతుతో, గాభరాగా అంది:

"లేస్తున్నా నాన్నా. ఇదిగో, లేచేశా."

"వద్దమ్మా, లేవకు! కూర్చునే ఉండు తల్లీ, లేవకు..."

మంచం కిర్రుమంది. ఏదో గాజు వస్తువు పడి పగిలింది, దాని వెంటే ఇంకేదో బరువుగా పడింది. "చిట్టీ!" అని అతను అరిచాడు. అరుస్తూనే మెట్ల మీదకి పరుగు తీశాడు, ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని. ఫోన్ ఇంకా కలిసే ఉంది. అవతల ఆయాసం వినపడటం లేదు.